మిద్దె కోసం ఇరవై ఒక్క సెకన్లు

పుంగనూరులో మా ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. మిద్దె మీది గదిలో మా ఆయనది, కింద వంటింటి పక్కన నాది. ఊళ్ళోని అంగళ్ళకు ఏటా గోడ క్యాలెండర్లు తయారుచేసి ఇవ్వడం మా పని. తిథులు, నక్షత్రాలు, రాహుకాలాలు రెండు పంచాంగాలతో సరిచూసి ఎక్కించేది నేను. బొమ్మలు, అంచులు, అంగడి పేర్లు ఆయన వంతు. రెండు మిషన్లనూ కలుపుతూ మెట్ల పక్కగా ఒక తీగ ఉండేది. ఆయన తన మిషన్‌కు ఇంగ్లీషు అక్షరాల్లో 'మిద్దె' అని పేరు పెట్టుకున్నారు. నా తెర మీద ఆ పేరు నొక్కితే ఆయన దగ్గరున్నవన్నీ నాకు కనబడేవి. ఆలస్యమైతే కింద నుంచి కేక వేసేదాన్ని.

"వస్తాండాదిలే, ఉండు," అనేవారు పైనుంచి.

ప్రూఫు దిద్దడమూ అలాగే. నేను కింద కూర్చుని ఒక్కొక్క తేదీ, దాని తిథి గట్టిగా చదివేదాన్ని. ఆయన పైన పంచాంగం చూసుకుంటూ "ఊ" అనేవారు. "ఊ" రాలేదంటే తప్పు దొర్లిందని అర్థం. అక్కడ ఆగి మళ్ళీ లెక్క చూసుకోవాలి.

ఎండాకాలంలో ఒక సాయంత్రం ఉరుముల వానలో కరెంటు ఎక్కువై నా మిషన్ ఆగిపోయింది. మదర్‌బోర్డు కాలినట్టుంది, మంగళవారం మదనపల్లెకు తీసుకుపోతానన్నారు ఆయన. సోమవారం మధ్యాహ్నం అన్నం తిని పైకి వెళ్ళినవారు మళ్ళీ దిగిరాలేదు. నేను కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. తెర వెలుగుతూనే ఉంది.

కర్మ అయ్యాక ఆ మిషన్‌ను కుప్పంలో జిరాక్సు అంగడి నడుపుతున్న మా చెల్లెలికి ఇచ్చేశాను. దాని చప్పుడు ఇంట్లో వినడం నా వల్ల కాలేదు. నాది మాత్రం ఒక పాత గుడ్డ కింద అలాగే పడి ఉంది.

కార్తీకం వచ్చేసరికి గుమ్మం దగ్గర బట్టల అంగడాయన నిలబడ్డాడు. ఏటా మొదటి ఆర్డరు ఆయనదే.

"ఏమమ్మా, ఈ తూరి క్యాలెండరు ఉండాదా లేదా? మదనపల్లె ప్రెస్సోళ్ళు ఊరికే ఫోన్లు చేస్తాండారు."

"ఉండాది."

"ఒక్కదానివే సేస్తావా?"

"తిథులు ఎప్పుడూ నేనే గదప్పా వేసేది."

"తిథులు ఎవురు సూస్తారమ్మా? మా అంగడి పేరు పెద్దగా ఉండాదా లేదా, అది సూస్తాం గానీ," అని నవ్వి, "సరే, నెలాఖరు దాకా ఆగుతా," అన్నాడు.

ఒక ఏడు చేయి దాటిపోతే ఆ పని మళ్ళీ మా గుమ్మం ఎక్కదని నాకు తెలుసు. ఆయనా నేనూ కలిసి చేసినవాటిలో మిగిలింది అదొక్కటే. మరునాడే మిషన్‌ను దుప్పట్లో చుట్టి, ఒడిలో పెట్టుకుని, మదనపల్లె బస్సెక్కాను.

అక్కడి మెకానిక్ నడివయసు మనిషి. అంత పాత మిషన్‌కు కొత్త బోర్డు దొరకదని, పాతదే ఒకటి వెతికి వేశాడు. మిషన్ లేచింది. నా తిథులు, నా పట్టికలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఇంటికి తెచ్చి పని మొదలుపెడితే అడుగడుగునా ఆగిపోతోంది. ఫైలు తెరవబోతే ఆగుతుంది, దాచబోతే ఆగుతుంది. ఒక్క వారం తేదీలు వేయడానికి రోజంతా పట్టింది. ఈ లెక్కన నెలాఖరు కాదు, సంక్రాంతికి కూడా పూర్తి కాదు.

మళ్ళీ మోసుకుపోయాను. మెకానిక్ మెమరీ ముక్కలు ఊడదీసి, పిల్లల రబ్బరుతో వాటి అంచులు రుద్ది పెట్టాడు. బోర్డుకు కావలసిన డ్రైవరు ప్రోగ్రాములన్నీ మళ్ళీ వేశాడు. డిస్కు పరీక్షించాడు, అందులో లోపం లేదు. అయినా ఆగుడు పోలేదు.

"ముసలిదానికి ముసలి బోర్డే వేసినాం. పరిగెత్తమంటే యాడ పరిగెత్తుతాదమ్మా?" అన్నాడు.

"ముసలిదాని ఎదురుగా కూర్చుని ఆ మాట అనద్దప్పా. నేను బస్సులో నిలబడి వచ్చినాను."

అతను నాలుక కరుచుకున్నాడు. "అట్ల కాదులేమ్మా. అంతా తుడిసేసి కొత్తగా ఎక్కిస్తే పోతాదేమో."

అందులోనివి తుడిచేది లేదని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను.

ఎంతసేపు ఆగుతోందో చూద్దామని మరునాడు ఉదయం గడియారం ముందు పెట్టుకున్నాను. పన్నెండు నెలలూ బొమ్మలతో ఉన్న పోయినేటి పెద్ద ఫైలు తెరిచాను. ఇరవై ఒక్క సెకన్లు. ఒక్క వరుస మాత్రమే రాసిన ఫైలు తెరిచాను. దానికీ ఇరవై ఒక్క సెకన్లే. ఏమీ రాయని ఖాళీ ఫైలు దాచాను. అదీ అంతే. బోర్డుకు శక్తి చాలకపోతే పెద్ద మూటకు ఎక్కువసేపు, చిన్న మూటకు తక్కువసేపు పట్టాలి. మూట ఏదైనా ఒకే సమయం పడుతోందంటే అది మోయలేకపోవడం కాదు. ఎవరి కోసమో ఎదురుచూడడం.

మెకానిక్‌కు ఫోన్ చేసి ఇదే చెప్పాను. సెకన్ల లెక్క మళ్ళీ చెప్పించుకున్నాడు.

"డ్రైవులన్నీ కనబడే చోటు తెరువమ్మా. దేని మీదన్నా ఎర్ర గుర్తు ఉండాదా?"

ఉంది. అది మొదటినుంచీ అక్కడే ఉంది. నేను చూడలేదో, చూసినా పట్టించుకోలేదో తెలియదు. దాని పక్కన 'మిద్దె' అని ఉంది.

"ఎవురిదమ్మా అది?"

"మా ఆయనది. ఇప్పుడు లేదు."

మిషన్ గురించి చెప్పానో, మనిషి గురించి చెప్పానో అతను అడగలేదు. గొంతు తగ్గించి చెప్పాడు. "అయితే బోర్డు తప్పేం లేదమ్మా. నువ్వు ఏది తెరిసినా అది ముందు ఆయప్ప మిషన్‌ను పిలుస్తాండాది. జవాబు రాకపోయేసరికి అంతసేపు కాచుకోని, తర్వాతే నీ పని సేస్తాండాది. దాని మీద కుడిపక్క నొక్కి తెంచెయ్. మంచిగవుతాది."

నిజమే. ఆయన పోయినప్పుడు నా మిషన్ చచ్చి ఉంది. దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. లేచిన దగ్గరనుంచి మిద్దె మీదికి కేకలు వేస్తూనే ఉంది.

ఆ రోజు తెంచలేదు. పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్ళాను. ఆయన వేసిన అంచులు, బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో నా దగ్గరే ఉన్నాయి కాబట్టి అక్కడ నాకు పనేమీ లేదు. నా మిషన్ అన్నిసార్లు పిలుస్తున్నదాన్ని ఒకసారి కంటితో చూడాలనిపించింది.

చెల్లెలి అంగడిలో అది బల్ల కింద ఉంది. తెర మీద ఎవరివో ఆధార్ కార్డులు. అన్నీ తుడిచి, వేరే పేరు పెట్టి వాడుకుంటోంది. నేనే అలా వాడుకోమన్నాను. పెట్టె పక్కన మాత్రం కిందటేడు ఆయుధపూజకు ఆయన పెట్టిన గంధం బొట్టు ఎండి, పగిలి, అలాగే ఉంది. బొటనవేలి గీతలు కూడా తెలుస్తున్నాయి.

"అది తుడిసేకి సెయ్యి రాలేదక్కా," అంది చెల్లెలు. తర్వాత, "కావాలంటే తీసకపో. మళ్ళా ఆ పేరే పెట్టి తీగ తగిలిస్తే నీ దానికి దొరుకుతాది గదా," అంది.

నేను ఆలోచించకపోలేదు. మిద్దె అని పిలిస్తే అది పలుకుతుంది. నా మిషన్‌కు అది చాలు.

"వద్దులే. నీ గిరాకీ నిలబడి ఉండాది, సూసుకో," అని సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

మరునాడు పొద్దున వంట ముగించి కూర్చున్నాను. ఎర్ర గుర్తు మీద కుడిపక్క నొక్కి, తెంచమన్నాను. తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. అవతలి మిషన్‌లోని ఫైళ్ళు ఇంకా తెరిచి ఉన్నాయి, అయినా తెంచమంటారా అని. ఇలాంటప్పుడు అలా అడగడం మామూలేనని తర్వాత మెకానిక్ చెప్పాడు. అప్పుడు నాకు తెలియదు. లేచి మెట్ల దాకా వెళ్ళాను. పై గది తలుపు గొళ్ళెం పెట్టే ఉంది. వచ్చి, అవునని నొక్కాను.

పెద్ద ఫైలు తెరిచాను. మౌస్ మీద నుంచి వేలు తీయకముందే తెరుచుకుంది. 

నెలాఖరుకు ఇంకా వ్యవధి ఉండగానే పన్నెండు నెలలూ పూర్తయ్యాయి. బట్టల అంగడాయన పేరు పోయినేటికంటే పెద్దదిగా వేశాను. ప్రెస్సుకు పంపేముందు ప్రూఫు దిద్దాలి. నా చోట నేను కూర్చుని, పంచాంగం పక్కన పెట్టుకుని, మొదటి తేదీ, దాని తిథి గట్టిగా చదివాను. చదివి ఆగాను. ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టుకుని, రెండో తేదీ చదివాను.