నక్షత్రంతో నడిచిన వాచీ

మొన్న పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే, జిల్లా పేజీ అడుగున శ్రద్ధాంజలి ఫొటోల వరుసలో మా ఫిజిక్సు లెక్చరరు గారు కనిపించారు. పోయినవారి గురించి చెడు మాట్లాడకూడదంటారు గాని, నేను ఆ ఫొటోను తీరిగ్గా రెండుసార్లు చూసి, ఇంకో కప్పు టీ కలుపుకుని తాగాను. మన వయసువాళ్లకు తెలుసు కదా, కొన్ని కసులు ముసలివి కావు.

మా నాన్నను మేం అబ్బాజాన్ అనేవాళ్లం. ఇల్లు కొండపల్లిలో, ఆయన గడియారాల రిపేరు షాపు విజయవాడ వన్‌టౌన్‌లో. నేను డిగ్రీ చదివే రోజుల్లో, భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి ఎంతసేపు పడుతుందో కొలిచి రమ్మన్నారు లెక్చరరు గారు. అందరూ ఏమీ చూడకుండానే ఇరవై నాలుగు గంటలని రాసుకొచ్చారు. నేను మాత్రం, రేడియో వార్తల బీప్‌తో అబ్బాజాన్ రోజూ సరిచూసే వాచీ చేత్తో పట్టుకుని, మేడ మీద పిట్టగోడకు కన్ను ఆనించి, ఒక నక్షత్రం థర్మల్ స్టేషన్ చిమ్నీ వెనక్కి వెళ్లే వేళను వారం రోజులు రాసుకున్నాను. అది రోజూ నాలుగు నిమిషాలు ముందే మాయమయ్యేది. ఇరవై మూడు గంటల యాభై ఆరు నిమిషాలని రాసిచ్చాను.

"వాచీ మీ షాపుదేనా అమ్మా? అయితే ఆ నాలుగు నిమిషాలు ఎటుపోయాయో మీ నాన్నగారినే అడుగు" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. నక్షత్రంతో పోలిస్తే రోజు అంతేనని చెప్పే పుస్తకం లైబ్రరీలో వెతికి తెచ్చినా ఆయన తెరవలేదు. ఆ మాట కాలేజీ దాటి ఊళ్లోకి పాకి, మా ఊరివాళ్లంతా షాపు గుమ్మం తొక్కడం మానేశారు. నన్నంటే పడేదాన్ని, అబ్బాజాన్ పనినంటే ఊరుకోలేకపోయాను.

కొన్నాళ్లకు లెక్చరరు గారి వాచీయే కాలేజీ అటెండరు చేతిలో మా షాపుకొచ్చింది. అబ్బాజాన్ శుభ్రం చేసి నూనె వేసి పెట్టారు. ఆయన నమాజుకు వెళ్లిన వేళ చూసి నేను వెనక మూత తీసి, వేగం సరిచేసే చిన్న మీటను పక్కకు నెట్టాను. రోజుకు సరిగ్గా నాలుగు నిమిషాలు ముందుకు పోయేదాకా రేడియోతో చూసుకుంటూ సరిచేశాను.

పది రోజులకు లెక్చరరు గారు మండిపడుతూ షాపుకొచ్చారు. "ఏవండీ, నలభై నిమిషాలు ముందు నడుస్తోందండీ మీ చేతి రిపేరు. నేను ఖాళీ బెంచీలకు పాఠం చెప్పుకోవాలా?"

"అది నక్షత్రంతో సరిగ్గా నడుస్తోందండీ. భూమి ఒక చుట్టుకు ఇరవై నాలుగు గంటలన్న మీ లెక్కకు సరైన వాచీ అదే కదా సార్" అన్నాను. నలుగురు గిరాకీల ముందు ఆయన వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. నా మనసు చల్లబడింది, దాచుకోవడమెందుకు.

అబ్బాజాన్ మాత్రం ఆయనకు చేతులు జోడించి, అక్కడే వాచీ సరిచేసిచ్చి, ఆయన మెట్లు దిగాక నావైపు తిరిగారు. "నీ లెక్క నిజమే బేటా, నాకు తెలుసు. ఇన్నాళ్లూ నా పని గురించి ఆయన అన్నది అబద్ధం. దాన్ని ఇవాళ నువ్వు నిజం చేశావు."

ఇప్పుడు ఫోనుని అడిగితే చాలు, ఆ యాభై ఆరు నిమిషాల సంగతి పిల్లలకు కూడా చెప్పేస్తుంది, ఎవరూ క్లాసులో నవ్వులపాలు కానక్కర్లేదు. మా షాపు ఉన్నచోట ఇప్పుడెవరో ఫోను కవర్లు అమ్ముతున్నారు. లెక్చరరు గారిని నేను ఈ రోజుకీ క్షమించలేదు. అబ్బాజాన్ నన్ను క్షమించారో లేదో, ఆయన ఉన్నన్నాళ్లూ అడిగే ధైర్యం నాకు రాలేదు.