లిమాకు ముప్పై ఒక్క గంటలు

సుందరమ్మ సాధించిన మొదటి గెలుపు, వస్తున్న రైలును ఆపడం.

భర్త పోయాక రైల్వేలో ఆయన బదులు వచ్చిన ఉద్యోగం అది. ఉప్పుగూడ సెక్షన్లో కీమన్ పని. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట పదకొండు కిలోమీటర్ల బీటు నడవాలి, వదులైన బిగింపులను కొట్టి బిగించాలి. "ఆడమనిషి సుత్తి ఎత్తుడేంది?" అని మేస్త్రీ బాలకిషన్ నవ్వాడు. మూడో నెలలో ఒక చలి పొద్దున పట్టా పగిలి ఉండడం చూసి, ఎర్రజెండా పట్టుకుని ఎదురు పరుగెత్తి ప్యాసింజరును నిలిపింది. ఆ రోజు బాలకిషనే ఆమెకు చాయ్ తెచ్చి చేతికిచ్చాడు.

ఇరవై నాలుగేళ్ళు నడిచింది. నడవని దూరాన్ని నడిచినట్టు ఒక్కనాడూ పుస్తకంలో రాయలేదు. రిటైరయ్యాక పెద్దల నడక పోటీల్లో దిగింది. జిల్లాలో మొదటి స్థానం, రాష్ట్రంలో మొదటి స్థానం, దేశంలో రెండోది. అరవై మూడో ఏట, పెరూ దేశపు లిమా నగరంలో పోటీకి పిలుపొచ్చింది. పదిహేడు వేల మూడు వందల కిలోమీటర్లు. ఇంటివాళ్ళ సంతకం లేనిదే పంపరు.

కాళ్ళ నరాలు ఉబ్బుతున్నాయని, ఒక రోజుకు మించి కూర్చుని ప్రయాణం చేయొద్దని డాక్టరు చెప్పాడు. కొడుకు సాగర్ టికెట్ కాగితం ముందు పెట్టుకుని లెక్క వేశాడు.

"పొద్దుగాల పదింటికి ఎక్కుతవు, తెల్లారి ఆరున్నరకు దిగుతవు. ఇరవై గంటల మీద అర్ధ గంట. ఫికర్ లేదమ్మా." కలం మూత తీశాడు.

కోడలు ప్రీతి సంబరంగా అత్త వైపు చూసింది. సుందరమ్మ ఊరుకుంటే సంతకం పడేదే.

"ఆగు బిడ్డా. ఆడ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక. అది గూడ కలుపు. ముప్పై ఒక్క గంట."

సాగర్ కలం కింద పెట్టాడు. "అయితే బంద్. పోవుడు లేదు."

"అత్తమ్మా, ఎందుకు చెప్పిన్రు!" అని ప్రీతి నెత్తి కొట్టుకుంది.

"తప్పు లెక్క మీద నేను బీటుకు పోను." సుందరమ్మ గొంతు లేచింది. "నీ డాక్టరు కూసోవద్దన్నడు, పోవద్దన్నడా? గంటకోసారి లేసి నడుస్త. విమానమంత నా బీటే. నేను నడిచింది ఎనభై రెండు వేల కిలోమీటర్లు రా! లిమాకు రెండుసార్లు పోయొచ్చినా ఇంకా మిగుల్తది."

"అదంత నేల మీద నడిచింది అమ్మా. నీకేమన్నయితే?"

ఆమె లోపలికెళ్ళి పాత పలక తెచ్చింది. బీటుకు బయలుదేరే ముందు, తిరిగొచ్చే వేళను పలక మీద రాసి తోటి పనివాళ్ళ గ్యాంగు గుడిసెకు తగిలించడం కీమన్ల ఆనవాయితీ. ఆ వేళ దాటితే గ్యాంగు వెతుక్కుంటూ వస్తుంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి సాగర్ ఆ పలక కిందే కూర్చునేవాడు.

"దీని మీద రాసినంక ఎన్నిసార్లు లేటయిన? చెప్పు."

"ఒక్కసారి," అన్నాడు సాగర్ మెల్లగా. "రైలు ఆపిన దినం."

"మరి?"

అతను కలం మళ్ళీ అందుకున్నాడు. సంతకం చేసి, బలపం తల్లి చేతిలో పెట్టాడు. "గంటకోసారి నడవాలె. మాట తప్పొద్దు. రాయి."

ఆమె నిలబడే రాసింది. ఆ పలక ఇప్పుడు వాళ్ళ తలుపు పక్కనే వేలాడుతోంది. సుందరమ్మ తిరుగురాక: ఆగస్టు 26, బుధవారం, పొద్దున ఆరున్నర.