చూడకుండా రాసిన వ్యాసం

మా పిల్లకి దగ్గు తగ్గింది. మళ్ళీ మొదలయ్యేలోపు ఇది రాసేయాలి.

మేం ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చిన కొత్తలో దగ్గర్లోని ఒక కాలేజీ లైబ్రరీలో నాకు టెంపరరీ ఉద్యోగం దొరికింది. కార్ల ఫ్యాక్టరీల్లో జనాన్ని తీసేస్తున్న రోజులు. ఉద్యోగాలు పోయినవాళ్ళు, వియత్నాం నుంచి పడవలెక్కి వచ్చినవాళ్ళు, లెబనాన్ వాళ్ళు, పిల్లలు పెద్దయ్యాక చదువు మొదలుపెట్టిన నల్లజాతి తల్లులు, అందరూ ఆ కాలేజీకే వచ్చేవాళ్ళు. లైబ్రరీ ఎలా వాడుకోవాలో వాళ్ళకి నేర్పడం మా పని. తను నేర్పుతున్నానని మా హెడ్ లైబ్రేరియన్ నమ్మకం.

అత్తగారు కొత్త కోడలికి ఇల్లు చూపించినట్టు, ఏవేవి ముట్టుకోకూడదో ముందు చెప్పి, ఆవిడ వాళ్ళని లైబ్రరీ అంతా తిప్పేది. కార్డు కేటలాగు, పత్రికలు, జెరాక్స్ మెషీను, బాత్రూములు. ఆ తర్వాత ఒక ప్రశ్నల కాగితం ఇచ్చేది. "రిఫరెన్స్ గదిలోని ఎన్‌సైక్లోపీడియా అట్ట ఏ రంగు?" లాంటివి. జీవితమంతా ఇంజన్లు బిగించిన మనిషి కళ్ళజోడు సవరించుకుని, వంగి, 'నీలం' అని రాసుకునేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడకి మాత్రం అదే చదువు. చివర్లో వేలు ఊపుతూ, "కాపీ కొట్టకండి. సొంత మాటల్లో రాయండి" అనేది. నిన్న మొన్న ఇంగ్లీషు మొదలుపెట్టినవాళ్ళు ఆ సొంత మాటలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలని ఒకసారి అడిగాను.

"హనీ, అది ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ పని."

ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ వాళ్ళని అడిగితే లైబ్రరీ పని అన్నారు.

ఒక మధ్యాహ్నం ఇంగ్లీషు ప్రొఫెసర్ ఒక వియత్నాం అమ్మాయిని వెంటబెట్టుకుని మా డెస్క్ దగ్గరికి వచ్చాడు. దొంగని పట్టుకున్న పోలీసుకి కూడా అంత సంతోషం ఉండదు. ఆ అమ్మాయి మధుమేహం గురించి రాసిన వ్యాసాన్నీ, మా నీలం ఎన్‌సైక్లోపీడియానీ పక్కపక్కన పడేశాడు.

"ఒక్క కామా కూడా మార్చలేదు. ఈ కోర్సులో ఫెయిల్ చేస్తున్నాను."

ఈ కోర్సు పాసవకపోతే ఆమెకి నర్సింగ్ సీటు రాదు. ఆ సీటు కోసమే ఆమె పగలు చదువుతూ సాయంత్రాలు హోటల్లో గిన్నెలు తోముతోందని నాకు తెలుసు.

"నేను చూసి రాయలేదు," అంది ఆ అమ్మాయి. "ఇంట్లో రాశాను. ఈ పుస్తకం ఇంటికి ఇవ్వరు కదా."

ప్రొఫెసర్ నవ్వాడు. మా హెడ్డూ నవ్వింది.

నాకు వెంటనే అర్థమైంది. నేను స్కూల్లో చరిత్ర జవాబు కంఠతా పట్టి రాస్తే, ఒక్క పొల్లు పోలేదని మా టీచరు ఆ పేపరు క్లాసంతటికీ చూపించింది. చూసి రాస్తే కాపీ, చూడకుండా రాస్తే ఫస్ట్ క్లాసు. నేను డిగ్రీ దాకా అలాగే చదివాను. ఈ పిల్ల చదివిందీ అలాగే.

"అప్పజెప్పమనండి," అన్నాను.

ఆమె చేతులు కట్టుకుని నిలబడి మొదలుపెట్టింది. ప్రొఫెసర్ పుస్తకంలో వేలు పెట్టి వెంట నడిచాడు. రెండో పేరా సగంలో ఆ వేలు ఆగిపోయింది, ఆమె ఆగలేదు.

"అయితే కాపీ అని ఒప్పుకున్నట్టేగా?" అన్నాడు. ఇంత విన్నాక కూడా ఆ మేధావికి తోచింది అదే. "ఇలా రాయకూడదని మీ లైబ్రరీలో నేర్పలేదా?"

"మా లైబ్రరీ అట్ట రంగు నేర్పింది. ఆ జవాబు ఈమె సరిగ్గానే రాసింది."

హెడ్ మొహం ఎర్రబడింది. నా ఉద్యోగం పొడిగించే సంతకం ఆవిడదే. ఈ ఉద్యోగం పోతే, నేను పనిలో ఉన్నప్పుడు మా పిల్లని చూసుకునే మనిషికి ఏం చెప్పాలో అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను. అయినా నోరు ఆగలేదు. "వారం టైమివ్వండి. నేను నేర్పుతాను."

సరేనన్నాడు, పెద్ద దాతలా.

పేరా చదివి, పుస్తకం మూసి, నాకు చెప్పమన్నాను ఆ అమ్మాయిని. మళ్ళీ అవే వాక్యాలు వచ్చాయి. పుస్తకం మూసినా ఆమె లోపల తెరిచే ఉంది. మూడో రోజు, "మీ భాషలో చెప్పు, మీ అమ్మకి చెప్పినట్టు" అన్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె చెబుతూ చెబుతూ తన పాదం ముట్టుకుంది. "ఇప్పుడు అమ్మకి ఏం చెప్పావో నాకు ఇంగ్లీషులో చెప్పు."

వెతుక్కుంటూ చెప్పింది. "చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. అమ్మా, కాలికి దెబ్బ తగిలినా నీకు తెలీదు. రోజూ చూసుకో."

"అదే రాయి."

రాసింది. తప్పులతో, పొట్టి పొట్టి వాక్యాలతో. ప్రొఫెసర్ సి గ్రేడ్ వేసి, "ఇప్పుడు నిజాయితీ ఉంది" అన్నాడట. ఆ నిజాయితీ ఏదో తనే నేర్పినట్టు.

సి వచ్చింది కాబట్టి పాసయింది. సీటు వచ్చిన రోజు రెండు వ్యాసాలూ తెచ్చి నా డెస్క్ మీద పెట్టింది.

"నిజం చెప్పండి. మొదటిదే బాగుంది కదా?"

హెడ్ ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాను.

"బాగుంది," అన్నాను. "ఇక్కడ మాత్రం ఎవరి దగ్గరా అనకు."