దొరసానుల నోట మా అత్త పాట

నా చిన్నప్పుడు, చీపురుపల్లికి కాస్త ఎడంగా ఉన్న మా ఊరికి ఒక ఏడు ఉభాల రోజుల్లో పై దేశం ఆడపిల్లలు కొందరు వచ్చారు. వరినాట్లను మా వైపు ఉభాలంటారు. ఆ పిల్లలు వాళ్ల దేశంలో పాటా ఆటా చదువుకుంటున్నారట. ఆ చదువులో భాగంగా కొన్ని వారాలు వేరే దేశంలో ఉండి, అక్కడి కళ నేర్చుకుని వెళ్లాలట. బడి ముఖం చూడని నాకు అదేం చదువో అర్థం కాలేదు. పాట నేర్చుకోవడానికి సముద్రం దాటి రావాలా, మా అత్త పక్కన వంగి ఆకు, అంటే వరినారు, నాటితే చాలదా అనుకున్నాను.

నిజానికి వాళ్లు చేసింది కూడా అదే. మా మేనత్త ఉభాల ఆడవాళ్లకు ముందుపాటగత్తె. ఆమె ఒక చరణం అందుకుంటే మడంతా తిరిగి పాడేది. దొరసానులు మొదట గట్టు మీద కూర్చుని విన్నారు. తరవాత పావడాలు ఎగ్గట్టి బురదలోకి దిగారు. అందులో ఒక పొడుగు పిల్లకి తెలుగు కొంచెం పట్టుబడింది. మా ఇంటికొచ్చి చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగేది. నన్ను "ఓలె గుంటా" అని, ఒసే పిల్లా అన్నట్టు, పిలిచేది. ఆ మాట ఆ నోట వింటే మా ఇంట్లో అందరికీ నవ్వు.

వాళ్లకు బస ఇచ్చినవాడు మా ఊరి భూస్వామి అయిన బుగత తమ్ముడు, చినబుగత. మేం నాటే మడుల్లో ఎక్కువ వాళ్లవే. పట్నంలో చదివినవాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుండేది. పొలానికి వస్తే గట్టు మీదే నిలబడేవాడు. మా వైపు ఉభాల్లో ఒక మర్యాద ఉంది. గట్టు మీదికొచ్చిన మగవాడు తమలపాకో వక్కో, బెల్లం ముక్కో పెడితే ఆడవాళ్లు పాటలో అతణ్ని పొగుడుతారు. పెట్టకపోతే అదే పాటలో కడిగేస్తారు. పెట్టనివాళ్లు దూరంగా నడిచిపోతారు. ఈయన పెట్టనూ లేదు, పాట వినడానికి దగ్గరకు రానూ లేదు.

దొరసానులు వెళ్లిపోయే ముందు బడి ఆవరణలో సభ పెట్టారు. పెద్ద ఆఫీసరు వస్తాడన్నారు. అత్త మైకు ముందు పాడుతుందని, పక్కన నిలబడి నేను వంతపాడాలని అనుకున్నాం. నేను నిద్రలో కూడా ఆ వంతే పాడుకున్నాను. సభకు ముందు పాట సరిచూసుకోవడానికి చినబుగత ఇంటికి వెళ్లాం. అత్త అరుగు మీద కాలు పెట్టింది. ఆయన గొడుగు కొసతో ఆ పాదం మీద పొడిచాడు.

"దిగే! మట్టికాళ్లతో అరుగెక్కుతావేటి? పాడ్డానికి దొరసానులున్నారు. నువ్వు కింద కూకో."

అత్త అరుగు దిగి, కాలి ముద్రను కొంగుతో తుడిచింది. అలా తుడవడం నేను మరిచిపోలేదు. ఆ సాయంత్రం పొడుగు దొరసాని వచ్చి ఇంకో మాట చెప్పింది. ఈ పాటలన్నీ తన తల్లి కట్టినవేనని చినబుగత వాళ్ల వెంట వచ్చిన పంతులమ్మకు చెప్పాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే డొంకలోకి పోయి దూలగొండి కాయలు ఆకులో చుట్టి తెచ్చాను. ఆ నూగు ఆయన కుర్చీలో చల్లాలని నా పథకం. అత్త నా మూట చూసి లాక్కుంది.

"ఇదేటే?"

"ఆడు గోక్కుని సావాల."

"ఓసి ఎర్రిగుంటా! దురద ఒక పూటుంటాది. పాట ఊరున్నన్నాళ్లుంటాది. సూడు."

ఆ రోజు మడిలో అత్త కొత్త పాట కట్టింది. పొడుగు దొరసాని అర్థం అడిగింది. అత్త దాచలేదు. తాటాకు గొడుగులా పట్టుకుని, ముక్కు పైకెత్తి, మడమల మీద గట్టంట నడిచి చూపించింది. ఆ పిల్ల నవ్వి నవ్వి బురదలో కూలబడింది. అరుగు దగ్గర జరిగింది ఆమె కళ్లారా చూసింది మరి. మిగతావాళ్లకు పాట ఆమే నేర్పింది.

సభలో చినబుగత దండ వేసుకుని ఆఫీసరు పక్కన కూర్చున్నాడు. మేమంతా కింద. చివరి పాటకు ముందు ఆయనే లేచి, అది తన తల్లి ఉయ్యాల ఊపుతూ పాడిన పాటని గొప్పగా చెప్పాడు. దొరసానులు చేతులు కట్టుకుని తీయగా ఎత్తుకున్నారు.

"గొడుగు కింద సినబుగత, గట్టు దిగని సినబుగత,
మడి మాది, ఆకు మాది, పాట నీదా సినబుగత?"

మొదటి మాటకు ఆయన తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాడు. తన పేరు రెండోసారి వినబడగానే చెయ్యి ఆగిపోయింది. తన తల్లి పాటని తనే చెప్పాడు, ఆపమనడానికి నోరేది? అప్పుడు కింద నుంచి మా అత్త గొంతు లేచింది. వెనకే ఊరి ఆడవాళ్లందరూ.

"నోరు మాది, ఊపిరి మాది, పేరు నీదా సినబుగత?"

ఆఫీసరు నవ్వుతూ, సినబుగత ఎవరని అడిగాడు. పిల్లలమంతా ఒక్కసారే వేలు చూపించాం. నా వేలే ముందు లేచింది.

మరుసటి ఏడు మమ్మల్ని ఆయన పొలానికి పిలవలేదు. ఇంట్లో అంబలి పలచబడింది. ఒక రోజు అడిగాను, పాట కట్టకుండా ఉంటే బాగుండేదా అని. "అంబలి మళ్లీ సిక్కబడతాదే" అంది అత్త. ఆయన మాత్రం ఆ తరవాత ఉభాల వేళ మేం నాటే మడుల వైపు రాలేదు. చెరువు చుట్టూ తిరిగి, ఎండలో గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని పోయేవాడు. ఆ నడక చూసినప్పుడల్లా నా కడుపు చల్లబడేది.

అత్త పోయింది, ఆయనా పోయాడు. చచ్చినవాడి మీద పగ కూడదంటారు. నాకు అలా వదలడం చేతకాలేదు. ముసలితనంలో మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. నా పేరు రాయడం వచ్చాక, ఇంకేం రాస్తావని అది అడిగింది. పలక తీసుకుని, తప్పులు దిద్దుకుంటూ మెల్లగా రాశాను: పాట నీదా చినబుగత? దాని కింద మా అత్త పేరు రాశాను.