తూర్పు గోడ మీద వాకిలి

చింతామణిలో కొత్తిల్లు కట్టుకున్నాక మా నాయన ఆ ఇంట్లో ఒక చోట కుదురుగా కూర్చున్నది నేను చూళ్ళేదు. అన్నం తింటూ తింటూ లేచేవాడు. పేపరు తెరిచి ఒక పేజీ తిప్పకముందే మెట్లెక్కి మిద్దె మీదికి పోయి నీళ్ళ తొట్టి చూసి వచ్చేవాడు. ఆయన మంచం వారానికొక గదికి మారేది. పగలంతా ఎరువుల అంగడిలో నిలబడి వచ్చిన మనిషి ఇంటికొచ్చి కూడా నిలబడే ఉండేవాడు. ఏమైందని అమ్మ మొదట్లో అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన కాలం అది. నేను సెకెండ్ పియుసి, అంటే ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. ఆయన అట్లా తిరుగుతుంటే నాకూ పుస్తకం మీద చూపు నిలిచేది కాదు. పెన్ను మూత తీస్తూ పెడుతూ గంటలు గడిపేదాన్ని.

మా పెద్దిల్లు బాగేపల్లి దగ్గర ఒక పల్లెలో ఉంది. నాయన, చిన్నాయన అక్కడ కలిసి సేద్యం చేసేవాళ్ళు. ఒకరోజు బోరు దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఏ మాటలో నాకు తెలీదు, నేను ఇస్కూల్లో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి అమ్మ గిన్నెలు మూట కడుతోంది. అవ్వ మాత్రం కదల్లేదు. "ఇద్దరూ నా కొడుకులే. నేను యాడికీ రాను. మీరు పోతే పోండి" అనింది. ఆ తర్వాత నాలుగేళ్ళు నాయన ఆ ఊరి బస్సెక్కలేదు.

అంగడికి వచ్చే పెద్దాయన ఒకరు మా ఇల్లు చూసి, "తూర్పుకు వాకిలి లేదు కదప్పా, ఇంగ మనిషికి కుదురెట్ల వస్తాది?" అన్నాడు. ఆ మాట నాయన్ని పట్టుకుంది. మా తూర్పు గోడకు అవతల వేరేవాళ్ళ ఖాళీ సైటు. అటు వాకిలి తీస్తే వాళ్ళ స్థలంలోనే కాలు పెట్టాలి. వాళ్ళను అడిగితే ఒప్పుకోలేదు. పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు నాయన సంగతి చెప్పాడు. "తీయను కాకపోతే బొమ్మన్నా వేయించప్పా. కంటికి వాకిలి కనపడితే సాలు" అన్నాడాయన. అమ్మ వంటింట్లోంచి గట్టిగా గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

వారం తిరక్కుండా నాయన ఒకాయన్ని తోలుకొచ్చాడు. నాటకాలకు తెరలు వేసే మనిషి. మా పక్క పల్లెల్లో నాటకాలాడితే రాజసభ తెర ఒకటి ఉండాల్సిందే. దాని మీద స్తంభాల వరస లోపలికి లోపలికి పోతున్నట్టే ఉంటుంది. అట్లాంటివి ఎన్నో వేశానని చెప్పాడు. ఫ్లెక్సులొచ్చి బోర్డులు రాసే పని పోయిందనీ, తెరల పనీ తగ్గిందనీ, అందుకే గోడ అన్నా ఒప్పుకున్నాననీ చెప్పాడు.

వచ్చినాయన గోడను ముట్టుకోలేదు. గది మధ్యలో నిలబడి నాయన్ని అడిగాడు.

"నువ్వు యాడ కూసుంటావప్పా?"

నాయన గది నాలుగు మూలలూ చూశాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి, "అది తెలిస్తే మాకూ చెప్పు" అనింది.

చివరికి నాయన పడమటి గోడ దగ్గరున్న పేము కుర్చీ చూపించాడు. తెరలాయన అందులో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, చేతిలో దారం చాపి పట్టుకుని తూర్పు గోడ వైపు చాలాసేపు చూశాడు. నన్ను గోడ దగ్గర నిలబెట్టి బొగ్గుతో గుర్తులు పెట్టించాడు. "ఇంకొంచిం పైకి పాపా, ఇంకొంచిం ఎడంకు." ఆ కుర్చీలోంచి చూసేవాళ్ళకు ఎట్లా కనపడాలో అట్లా లెక్క వేశాడన్న మాట. వెలుతురు ఎడమ పక్క కిటికీలోంచి వస్తుంది కాబట్టి నీడలన్నీ కుడి పక్కకు వేశాడు.

అయిదు రోజులు పట్టింది. గడప, రెండు రెక్కలు, ఇత్తడి గొళ్ళెం, కొయ్య మీద చారలు, ఒక మూల చెదలు తిన్నట్టు చిన్న గుంట. ఒక రెక్క మూసుంది. రెండోది కొంచెం తెరిచి ఉంది. ఆ సందులో అవతలి పక్క ఎండ తగిలిన నేల.

నాయనకు అది నచ్చలేదు. "మూసినట్టు వెయ్యమంటి కదప్పా."

"మూస్తే గోడే అవుతాది. తెరిస్తేనే వాకిలి" అని తెరలాయన కుంచెలు కడుక్కుంటూ అన్నాడు.

పేము కుర్చీలో కూర్చుంటే అది నిజంగా వాకిలే. లేచి వంటింటి పక్కకు మూడడుగులు వేస్తే గడప ఏటవాలుగా లేచేది. ఇంకొక అడుగు వేస్తే రెక్క తడిసిన అట్టలాగా వంగేది. సాయంత్రం లైటు వేస్తే నీడలు తప్పు పక్కన పడి బొమ్మ బొమ్మగానే తెలిసిపోయేది. ఎక్కడ నమ్మిస్తుందో ఎక్కడ విరుగుతుందో చూడడానికి నేను పుస్తకం చేత్తో పట్టుకుని గదిలో అటూ ఇటూ నడిచేదాన్ని. అమ్మ ఎప్పుడూ వంటింట్లోంచే చూసేది కాబట్టి ఆమెకది ఎప్పుడు చూసినా పడిపోతున్న తలుపే.

నాయన పది రోజులు ఆ కుర్చీలో కూర్చున్నాడు. పదకొండో రోజు కాఫీ తాగుతూ లేచి, తెరిచి ఉన్న ఆ రెక్క మూయడానికి నాలుగడుగులు వేసి, గుర్తొచ్చి ఆగి, ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగాడు. నేను చూశాను. ఆయన చెప్పులేసుకుని అంగడికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చినవాళ్ళు మోసపోవడం చూడడం నాకు ఆటైంది. ఎవరొచ్చినా ఆ కుర్చీలోనే కూర్చోబెట్టేదాన్ని. పక్కింటామె ఒకసారి కాఫీ లోటా పట్టుకుని అటు నడిచింది. పాలాయన అటు చెయ్యి చూపించి, "ఆ పక్క మీకు పెరడుండాదా?" అని అడిగాడు. నేను పక్కగదిలోకి పోయి నోట్లో వోణీ కుక్కుకుని నవ్వేదాన్ని.

అట్లాంటి రోజుల్లో అవ్వ వచ్చింది. మా ఊరి ఆడవాళ్ళతో కైవారానికి వచ్చి, దర్శనమయ్యాక వాళ్ళతో తిరిగి పోకుండా, చింతామణి బస్సెక్కి వాళ్ళనూ వీళ్ళనూ దారి అడుగుతూ ఇల్లు కనుక్కుంది. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. నాయన అంగడిలో ఉన్నాడు. అమ్మ అన్నం పెట్టి మిద్దె మీద ఎండేసిన మిరపకాయలు తిప్పడానికి పోయింది. అవ్వ పేము కుర్చీలో కూర్చుంది. నేను ఎదురుగా చాప మీద ఉన్నాను. అవ్వ పెరట్లోకి పోదామని లోటా తీసుకుని లేచి అటూ ఇటూ చూసింది. చూపు తూర్పు గోడ మీద ఆగింది. అటు నడిచింది.

"అవ్వా, అది గోడ" అని అనడానికి నాకు కావాల్సినంత సేపుంది. అనలేదు. నవ్వు వస్తుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

గడప దాటేటందుకు ఆమె కాలు ఎత్తింది. నిజం గడప కాదు కాబట్టి కాలు గోడకు తగిలింది. ఒంటికాలి మీదున్న మనిషి ముందుకు తూలి నుదురు గోడకు కొట్టుకుంది. లోటా దొర్లిన చప్పుడుకు అమ్మ పైనుంచి పరిగెత్తుకొచ్చింది. కుడి కనుబొమ్మ చీలి రక్తం కారుతోంది. అవ్వ గోడ మీద అరచెయ్యి పెట్టి అట్లానే నిలబడి ఉంది.

నాయన అంగడిలోంచి వచ్చి ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మూడు కుట్లు వేశారు. కుట్లు వేసిన డాక్టరు కండ్లలోకి లైటు వేసి చూసి, రెండు కండ్లకూ పొర వచ్చిందనీ, కుడి కంటిది మరీ ముదిరిందనీ, ఆపరేషన్ చేయించమనీ చెప్పాడు. ఆమెకు చూపు ఇంత తగ్గిందని మాకెవరికీ తెలీదు. ఆ చూపుతోనే కైవారం నుంచి ఒక్కతే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ బక్కెట్లో సున్నం కలిపి పెట్టుకుని ఉంది.

"సున్నం కొట్టేస్తా" అనింది.

నాయన గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "ఉండు."

"ఎందుకుండాల? ముసలామె తల పగిలింది. ఊర్లో ఏమనుకుంటారు? పెద్దకొడుకింటికి పోయి నుదురు పగలగొట్టుకునొచ్చింది అనరా?"

 అప్పుడు మంచం మీది నుంచి అవ్వ, "ఉండనీమ్మా. గోడేం జేసింది?" అనింది. నేను పక్కగదిలోకి పోయాను.

చిక్కబళ్ళాపురంలో కుడి కంటికి ఆపరేషన్ చేశారు. నాయనే వెంట ఉన్నాడు. కట్టు విప్పినాక నల్లద్దాలు పెట్టి మా ఇంటికి తీసుకొచ్చాడు. నెల రోజులు చుక్కలు వెయ్యాలి, రోజుకు ఆరుసార్లు. ఆ పని నాకిచ్చారు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, కానీ నేను చదివింది లేదు. మూడు గంటల చుక్కకు రెండున్నర నుంచే గడియారం చూసేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. నా నడక చూసి అమ్మ, "నీకూ అంటుకుందా మీ నాయన జబ్బు?" అనింది.

అయిదో రోజో ఆరో రోజో చుక్క వేసి దూదితో తుడుస్తూ ఉన్నట్టుండి చెప్పేశాను. "అవ్వా, ఆ పొద్దు నువ్వు గోడకల్లా పోతాంటే నేను చూస్తానే ఉండా. చెప్పలేదు."

అవ్వ కన్ను మూసుకునే ఉంది. "తెలుసు పాపా."

"ఎట్ల తెలుసు?"

"నవ్వింది వినపడె. సెవులు బాగనే ఉండాయి కదా నాకు."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కాసేపు ఏడవనిచ్చి, "మీ నాయనకు చెప్పొద్దు. ఊరికే తిరుగుతాంటాడు ఇప్పటికే" అనింది. తర్వాత ఇంకొక కంటికి కూడా చుక్క వెయ్యాలా అని అడిగింది. దానికి అక్కర్లేదన్నాను.

ఆమె ఎక్కువగా పేము కుర్చీలోనే కూర్చునేది. ఒక పొద్దున నాయన అంగడికి పోయేముందు ఆమె దగ్గర నిలబడి ఉన్నాడు. అవ్వ నల్లద్దాలు పైకెత్తి తూర్పు గోడను చూసింది. అది బొమ్మని ఆమెకు మాకంటే బాగా తెలుసు. అయినా అద్దాలు దించకుండా చూస్తూనే ఉంది.

"అబ్బ, ఇప్పుడు ఇంకా నిజంగా ఉండాదే. ఆ సందులో ఎండ సూడు" అనింది.

నాకు ఆశ్చర్యమేసింది. రెండు కండ్లతో చూసే నాకు, ఎంత మోసపోయినా ఏదో ఒక మూల అది గోడని తెలుస్తూనే ఉండేది. ఆమె వెనక నిలబడి ఒక కన్ను మూసుకుని చూశాను. గోడ పోయింది. నిజంగానే వాకిలి. తెరలాయన ఒక కన్ను మూసుకుని ఎందుకు కొలిచాడో అప్పుడు అర్థమైంది. అవ్వకు బాగా కనపడేది ఒక్క కన్నే కదా.

"ఎవురు సగం తెరిచిపెట్టింది దాన్ని?" అని అవ్వ నాయన్ని అడిగింది. "పోతే పోవాల, వస్తే రావాల. ఇట్ల సగం పెట్టుకోని కూసుంటే నీకేం నిమ్మళం?"

నాయన ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. అంగడి తాళంచెవి చేతిలో తిప్పుతూ ఉన్నాడు. "ఆ పొద్దు బోరు దగ్గర వాడు నన్ను ఏమన్నాడో నీకు తెలుసునామ్మా?" అన్నాడు చివరికి.

"తెలుసు. నువ్వన్నదీ తెలుసు."

నాయన అట్లానే కూర్చుండిపోయాడు. ఆ రోజు అంగడి ఆలస్యంగా తెరిచాడు.

నెల నిండినాక అవ్వ ఊరికి పోతానంది. ఎవరితో పంపాలా అని అమ్మ ఆలోచిస్తుంటే నాయన చొక్కా వేసుకుని వచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. బస్సులో ఆయన సీట్లో కూర్చోలేదు. ఖాళీలున్నా బాగేపల్లి దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాడు.

చిన్నాయన ఇంటి ముందర పార పిడికి మేకు కొడుతున్నాడు. నల్లద్దాలతో అవ్వను చూసి లేచాడు. ఆమె కనుబొమ్మ మీద మచ్చను చూసి నాయన వైపు తిరిగాడు.

"ఆపరేషన్ చేయించి నాకొక మాట చెప్పలేదే."

"ఫోన్ చేస్తే ఎత్తుతావో లేదో అనుకుంటి" అన్నాడు నాయన.

"ఎత్తకుంటే ఇంగొకసారి చెయ్యాల."

 చిన్నాయన సుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మచ్చ ఎట్లా వచ్చిందని ఆయన అడుగుతాడనే అనుకున్నాను. అడిగాడు కూడా. అవ్వే, "సూపు లేక తగులుకుంటి" అని లోపలికి పోయింది. పిన్నమ్మ కాఫీ తెచ్చింది. నాయన నిలబడే తాగాడు, కానీ తాగాడు. సాయంత్రం బస్సుకు చిన్నాయన టెంకాయలు రెండు సంచిలో వేసి ఇచ్చాడు. నాయన వద్దనలేదు.

ఇంటికొచ్చిన ఆదివారం ఆయనే తూర్పు గోడకు సున్నం కొట్టాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒక పూతకు వాకిలి పోలేదు, ఇంకా మంచు పట్టినట్టు కనపడేది. రెండో పూతకు గొళ్ళెం పసుపు మిగిలింది. మూడో పూతకు గోడైంది.

అన్నదమ్ములు మళ్ళీ కలిసిపోయారని చెప్పలేను. భూమి సంగతి మాట్లాడేటప్పుడు గొంతులు ఇప్పటికీ మారతాయి. నాయన నెలకొకసారి అవ్వను చూడడానికి పోయేవాడు. పోయి రెండు గంటలుండి వచ్చేవాడు. నేను ఆ ఏడు ఒక సబ్జెక్టు పోగొట్టుకుని మళ్ళీ రాశాను. అవ్వ రెండో కంటికి ఆపరేషన్ వద్దనింది. ఉన్నవాళ్ళను చూడడానికి ఒకటి చాలనింది. ఆరేళ్ళ తర్వాత పోయింది.

ఆమె కనుబొమ్మ మీది ఆ మచ్చకు నేనూ కారణమని నాయనకు నేనిప్పటికీ చెప్పలేదు. చెప్పొద్దన్న మనిషి పోయి చాలా కాలమైంది. చెబుదామని ఆయన ఎదురుగా కూర్చుంటాను. "ఏమి?" అంటాడాయన. "ఏం లేదు నాయనా" అంటాను.