నిండు నిమిషం

మార్చి 11, ఉదయం 9 గంటల 42 నిమిషాలు. మా పరిశోధన సంస్థ డైరెక్టరు గారు వార్షిక ప్రసంగం ముగించగానే అందరం చప్పట్లు కొట్టాం. ముందు వరుసలోని మా పెద్ద డాక్టరమ్మ మాత్రం చేతిగడియారం మీంచి తలెత్తి, "ఇరవై ఆరు. మెట్లెక్కి వచ్చారా?" అని అడిగారు. ఊపిరి పీల్చే ప్రాణి ఎదుటపడితే నిండు నిమిషం దాని శ్వాసలు లెక్కపెట్టకుండా వదలకపోవడం ఆవిడకున్న ఏకైక వ్యసనం.

చంటిపిల్లలకు వేసే కొత్త టీకా ఊపిరితిత్తుల జబ్బు తీవ్రతను ఎంత తగ్గిస్తుందో తేల్చడం మా పని. తీవ్రతకు తొలి కొలత శ్వాసల సంఖ్యే కాబట్టి, ఆ వ్యసనానికి సంస్థ జీతం కూడా ఇచ్చేది. నేను గణాంకాలు చూసేవాణ్ణి. ఆవిడ నా గదిలోకి వచ్చి, నిమిషంపాటు నా ఛాతీనే చూసి, "పద్దెనిమిది" అని వెళ్లిపోయేవారు. అదే పలకరింపు. ఇంట్లో వారి భర్త కోపం వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి లెక్క చెడగొట్టేవారని వినికిడి.

అరనిమిషం లెక్కించి రెట్టింపు చేసేవారంటే ఆవిడకు గిట్టదు. ఒకరోజు క్లినిక్కులో మా నర్సు సరిగ్గా అదే చేసింది. అయిదు నెలల మగబిడ్డ. అరనిమిషానికి ఇరవై మూడు, అంటే నలభై ఆరు. ప్రమాదరేఖ యాభై. 'స్వల్పం' అన్న గడిలో టిక్కు పడింది. తల్లి సంచి సర్దుకుంది. డాక్టరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"మేడమ్, బయట ఇంకా ముప్ఫైమంది ఉన్నారండీ," అంది నర్సు.

"వాళ్లూ ఊపిరి పీలుస్తూనే ఉంటార్లే."

ఆవిడే మళ్లీ లెక్కపెట్టారు. తొలి అరనిమిషం ఇరవై మూడే. నర్సు ముఖం వెలిగింది. కానీ పసివాళ్ల ఊపిరి ఒక్కోసారి కాస్త ఆగి, ఆపైన పరుగెడుతుంది. రెండో అరనిమిషంలో అదే జరిగింది. మొత్తం యాభై ఎనిమిది. బిడ్డకు నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టవలసి వచ్చింది.

అధ్యయనం ముగిసి ఏడాదైనా డాక్టరమ్మ రోజూ పదకొండింటికి తలుపు మూసుకుని 'డేటా కోసం' ఫోన్లు చేసేవారు. నా పట్టికలో అలాంటి డేటాకు గడే లేదు. నిలదీద్దామని వెళ్లాను. ఆవిడ ఆగమన్నట్టు చెయ్యెత్తారు. స్పీకరులో ఆనాటి తల్లి గొంతు వణుకుతోంది: వాడికి మళ్లీ దగ్గట.

"ఏడవకు తల్లీ. వాడి పొట్ట చూడు. పైకి వినపడేలా లెక్కపెట్టు, గడియారం నేను చూస్తాను."

"దీనికి శాస్త్రీయంగా విలువేమిటండీ?" అన్నాను గొంతు తగ్గించి.

"ఏమీ లేదు. నువ్వు రాసుకోకు."

ఆ వయసుకు నలభై లోపుంటే భయం లేదు. ఆవిడ గడియారం కాస్త నెమ్మదిగా నడుస్తుందని నా అనుమానం. అందుకని నాదీ చూశాను. నిమిషం నిండింది. గదికి తిరిగొచ్చి పట్టికలో కొత్త గడి గీశాను.

28.