పద్నాలుగు తక్కువ

“...పోయినావిడ మందులు ఇంకా ఇంట్లో ఎందుకండీ, పారేయమంటే వినరు కదా,” అని భార్య సణుగుతూనే ఉంది. ఇన్‌స్పెక్టరు తన తల్లి చివరి రోజుల్లో వాడిన, మత్తు కలిసిన నొప్పిమాత్రలను బల్లమీద పోసి, పోస్టుకార్డు అంచుతో ఐదేసి చొప్పున జరుపుతున్నాడు. ఆస్పత్రుల్లోంచి పక్కదారి పట్టే మత్తుమాత్రలను పట్టుకునే ఉద్యోగంలో పంతొమ్మిదేళ్లుగా చేతికి అలవాటైన పని అది. “బఠానీలు పెట్టినా లెక్కపెట్టే నోట్లో వేసుకుంటారు మా ఆయన,” అని ఆవిడ చుట్టాలను నవ్విస్తుంది. లెక్కపెడుతున్నంతసేపూ అతని పెదాలు కదులుతాయి, ఎడమచెయ్యి నడుం మీదికి పోతుంది.

ఆ పొద్దున ఒక నర్సు కూడా అలాగే నడుం పట్టుకుని అతని ముందు నిలబడింది. చనిపోయిన రోగి తాలూకు పదకొండు మాత్రలు ఆమె సంచీలో దొరికాయి. “నొప్పికి డ్యూటీలో నిలబడలేకపోతున్నాను సార్. ఎలాగూ పారేసేవే కదా,” అంది. అతను తలెత్తకుండా కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆమె ఉద్యోగం పోయింది.

అమ్మ పోయిననాడు డబ్బాలో నలభై మాత్రలున్నాయి. ఇప్పుడు ఇరవై ఆరే తేలాయి. వాటిని మళ్లీ డబ్బాలో పోసి మూత బిగించాడు.

“రేపు వీటిని ఆఫీసులో అప్పజెబుతున్నాను,” అన్నాడు భార్యతో. “తగ్గిన పద్నాలుగూ నేనే మింగానని రాసిస్తాను.”